అల్లుడుగారి మందు

మందు అనే మాటంత తుంటరి మాట ఇంకోటి లేదు. జ్వరం తగ్గించేదీ మందే, మనిషిని తూలించేదీ మందే, చెట్టును నిలువునా ఎండగట్టేదీ మందే. మన కథలో అల్లుడి కాపురం ఆ మాట మీదే మొదలైంది.

పెళ్ళి మాటలప్పుడు కాబోయే అత్తగారు "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే, మధ్యవర్తి "చెట్లకు మందు వేస్తాడమ్మా" అన్నాడు. పాపం ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. అత్తగారు మాత్రం "అంటే చెట్ల డాక్టరన్నమాట!" అని మురిసిపోయింది. కాదని చెప్పడానికి అల్లుడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురు అతని వంక చూసి నవ్వింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

నిజానికి అతని పని చెట్లను చంపడం. సముద్రం ఒడ్డున ఉప్పునీళ్ళు వచ్చిపోయే బురదనేలల్లో, ఎక్కడినుంచో వచ్చి పాతుకుపోయిన చెట్లుంటాయి. అవి అక్కడి గడ్డినీ పొదల్నీ బతకనివ్వవు. గడ్డి పోతే పీతలు, చేపపిల్లలు పోతాయి, వాటికోసం వచ్చే పక్షులూ మొహం చాటేస్తాయి. నరికితే మోడు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. మందు చల్లుదామంటే నీళ్ళలో కలిసి మంచి మొక్కల్నీ మాడుస్తుంది. అందుకని నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదలో పలకలు పరుచుకుంటూ వెళ్ళి, చిన్న గొడ్డలితో మాను చుట్టూ ఏటవాలుగా గాట్లు పెట్టి, గాటు ఆరకముందే అందులో కాస్త మందు పోస్తారు. ఏ చెట్టుకు వేశారో తెలియడానికి మందులో నీలం రంగు కలుపుతారు. తొడుగులు వేసుకున్నా సరే, ఆ రంగు ఎలాగో లోపలికి పాకి అల్లుడి వేళ్ళకంటుతుంది.

ఆ నీలం వేళ్ళను చూపించి అత్తగారు వీధంతా చెప్పుకునేది. "పొద్దస్తమానం రోగిష్టి చెట్లతోనే సరిపోతుంది. ఆ చేతులు చూడండి, మందుతో ఎలా అయిపోయాయో!" కాపురం అత్తగారింట్లోనే, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీ అతనికే. "అల్లుడుగారూ, మీరు" అన్న పిలుపు తప్ప మరోటి లేదు. ఇంత మర్యాద అతనికి కన్నవాళ్ళ దగ్గర కూడా దక్కలేదు. నిజం చెబితే అదంతా గాలికి పోతుందని అతని భయం. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని భార్య అడిగినప్పుడల్లా "వచ్చే వారం" అని తప్పించుకునేవాడు.

అలాగే నెట్టుకొచ్చేవాడేమో గానీ, అత్తగారి పెరట్లో ఒక చెట్టుంది. ఇల్లు కట్టిన కొత్తలో నీడ కావాలని ఆమె చేతులారా నాటుకున్నది. దాని కింద కుట్టుమిషన్ వేసుకుని ఆ చుట్టుపక్కల అందరి బట్టలూ కుట్టింది. అల్లుడు రోజూ గాట్లు పెట్టే జాతి చెట్టే అది. దాని గింజలు పెరటి వెనక కాలువలో రాలతాయి, ఆ కాలువ నేరుగా బురదనేలలోకి పోతుంది. "ఎంత శుభ్రం చేసినా పిల్లమొక్కలు లేస్తున్నాయంటే, పైన ఎక్కడో తల్లిచెట్టు ఉండే ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే మన పనంతా వృథా" అని పని చేయించే మేస్త్రీ తల పట్టుకున్నప్పుడల్లా, అల్లుడు తన బూట్లకంటిన బురదను శ్రద్ధగా పరీక్షించేవాడు.

ఒక ఆదివారం అత్తగారే వచ్చి అడిగింది.

"అల్లుడుగారూ, చెట్టు ఆకులు ఊరికే రాలిపోతున్నాయి. కాస్త మందు వెయ్యకూడదూ?"

అల్లుడు చటుక్కున కుర్చీలోంచి లేచాడు. ఆమె నోటితోనే అడిగింది! వేసేస్తే సరి. చెట్టు పోతుంది, మేస్త్రీ బాధ తీరుతుంది, రోగం ముదిరిపోయిందని చెబితే డాక్టరు పదవీ పదిలంగా ఉంటుంది. గొడ్డలీ సీసా తెచ్చుకుని మాను ముందు కూర్చున్నాడు. అత్తగారు పక్కనే నిలబడి, మాను మీద చెయ్యేసి, "భయపడకే, మనింటి డాక్టరే" అని చెట్టుకు ధైర్యం చెప్పింది.

ఇక అతని చెయ్యి లేవలేదు.

"అత్తయ్యా, ఇది బతికించే మందు కాదు."

"మరి?"

"చంపేది. నేను రోజూ చేసేది అదే. నేను డాక్టర్ని కాను."

"అంటే ఇన్నేళ్ళూ..."

"చంపుతూనే ఉన్నాను."

అత్తగారి మొదటి బాధ చెట్టు గురించి కాదు. "వీధంతా డాక్టరని చాటుకున్నాను కదరా! నా పరువేం కావాలి? ఆ రోజే నోరు విప్పి చెప్పడానికి నీకేం రోగం?"

మీరు పోయి నువ్వు వచ్చింది. అల్లుడు తల వంచుకున్నాడు. వంచిన తల ఎత్తకుండానే తల్లిచెట్టు సంగతీ కాలువ సంగతీ కూడా కక్కేశాడు. ఆమె నమ్మలేదు.

"నా చెట్టు అలాంటిది కాదు. పద, చూపించు" అని చెప్పులేసుకుంది.

పలకల మీద అడుగులో అడుగు వేసుకుంటూ, అల్లుడి భుజం గట్టిగా పట్టుకుని బురదలోకి వెళ్ళింది. కాలువ కలిసే చోట మోకాలెత్తు మొక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్య గడ్డిపోచ లేదు, పిట్ట లేదు. కాస్త అవతల, కిందటేడు శుభ్రం చేసిన చోట గడ్డి లేచింది, కొంగలు తాపీగా తిరుగుతున్నాయి. అత్తగారు వంగి ఒక మొక్క ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"అచ్చం దాని పోలికే" అంది చివరికి. "నీడకని నాటానురా. ఇంత సంసారం పెడుతుందనుకోలేదు."

ఇంటికి వచ్చాక సీసా తనే అందుకుంది. "నాటింది నేను, వేసేదీ నేనే" అంది. అల్లుడు గాట్లు పెట్టాడు, ఆమె పోసింది. పోస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే "సరిగ్గా పెట్టు, కొన ఊపిరితో ఉంచితే దానికీ బాధే" అని కసిరింది. అల్లుడి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. మందు ఘాటని చెప్పుకున్నాడు.

కొద్దిరోజుల్లోనే చెట్టు ఆకులన్నీ వేలాడేసింది. కుట్టుమిషన్ వరండాలోకి మారింది. మంచి కుర్చీలో ఇప్పుడు అత్తగారే కూర్చుంటోంది. ఒకనాడు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి నిట్టూర్చింది.

"ఇంట్లో డాక్టరుండి కూడా దక్కలేదా వదినా?"

అత్తగారు మిషన్ ఆపలేదు. గోళ్ళలో ఇంకా వదలని నీలాన్ని గుడ్డ కింద దాచుకుంటూ, "మావాడు చెయ్యాల్సిందంతా దగ్గరుండి చేశాడు" అంది.

లోపలున్న అల్లుడికి 'మావాడు' అన్న మాట చెవిన పడింది. కుర్చీ పోతే పోయింది అనుకున్నాడు.

"మా నిమ్మచెట్టు ఆకులు ముడుచుకుపోతున్నాయి వదినా. ఒకసారి పంపిస్తే కాస్త మందు వేస్తాడు కదా?"

మిషన్ ఆగింది.

"పంపిస్తాను" అంది అత్తగారు. "ఒట్టి చేతులతో పంపిస్తాను."