సంతృప్తి కోడ్

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను విజయనగరం నుంచి అరకు లోయలోని ఒక సబ్‌డివిజన్‌కు ఇంజనీరుగా బదిలీ చేశారు. టెలిఫోన్ల ఉద్యోగంలో అది నా ఆఖరి పోస్టింగు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని కొండల మీదికి తోశారని తోటివాళ్లు జాలిపడ్డారు. నేను మాత్రం అక్కడి ఫైళ్లు తిరగేసి సంబరపడ్డాను. బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారుల సంతృప్తిలో జిల్లా మొత్తం మీద మొదటి స్థానం ఆ సబ్‌డివిజన్‌దే. చేరిన మూడో నెలలోనే నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఏమీ చేయకుండా వచ్చిన పేరు కాబట్టి వద్దనడానికి కారణం కనిపించలేదు.

సంతృప్తిని మేం కొలిచే పద్ధతి ఇదీ. ఫిర్యాదు రాగానే కంప్యూటర్లో దానికో నంబరు పడుతుంది, దాన్ని డాకెట్ అంటాం. మెకానిక్ వెళ్లి లైను సరిచేశాక వినియోగదారుడి సెల్‌ఫోన్‌కు నాలుగంకెల కోడ్ మెసేజ్‌గా వస్తుంది. ఆయన దాన్ని మెకానిక్‌కు చెబితే పనైందనీ, తనకు తృప్తిగా ఉందనీ ఒప్పుకున్నట్టు. మెకానిక్ ఆ అంకెలు కొట్టగానే డాకెట్ మూతపడుతుంది. మూడు రోజుల్లో మూతపడకపోతే మెకానిక్‌కు మెమో, నాకు పైనుంచి ఫోను.

ఇక లైన్ల సంగతి. అన్నీ ఫైబరే, అంటే వెంట్రుకంత సన్నటి గాజు తీగ. స్తంభాలు రాకముందే కనెక్షన్లు ఇవ్వాలని టార్గెట్ వచ్చింది. దాంతో కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకే కేబుల్‌ను నైలాన్ తాళ్లతో కట్టేశారు. చెట్టు మా స్తంభాల కోసం ఎదగకుండా ఆగదు కదా. అది లావెక్కే కొద్దీ తాడు బిగుసుకుని కేబుల్ నలుగుతుంది. గాలి వీస్తే వంగుతుంది. వంపు దగ్గర లోపలి వెలుగు బయటికి పోయి నెట్ నత్తనడక నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. స్తంభాలు కావాలని నా ముందున్నవాళ్లు రాశారు, నేనూ రాశాను. మీ దగ్గర సంతృప్తి బాగుంది, ముందు ఫిర్యాదులున్న చోట్లకు ఇస్తాం అని జవాబొచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా లెక్కలో నోరు మంచిదైన ఊరికి స్తంభాలు రావు.

మరుసటి ఏడాది వానలు మొదలైన వారం పాంగి రూతు అనే అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. కొండమీది ఊళ్లో కాఫీ రైతు కూతురు. మిషన్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. డాక్టర్లు చెప్పే రిపోర్టులు విని టైపు చేసే ఉద్యోగం ఏదో నగరంలోని కంపెనీలో దొరికింది. ఇంటినుంచే పని, మొదటి మూడు నెలలు పరీక్షాకాలం. రోజూ పదింటికి లాగిన్ కావాలి, నెట్ పోతే ఆ పూట రానట్టే లెక్క. గైర్హాజర్లు ఎక్కువయ్యాయని కంపెనీ నోటీసిచ్చింది. తప్పు లైనుదేనని శుక్రవారంలోగా మా దగ్గర్నుంచి లేఖ తెస్తే సరేసరి, లేకపోతే తీసేస్తామంది.

నేను ఆమె కనెక్షన్ చరిత్ర తీశాను. మూడు డాకెట్లు ఉన్నాయి. మూడూ ఒక్కరోజులో పరిష్కారం, వినియోగదారుకు సంతృప్తి. కంప్యూటర్ ఆమె వైపు తిప్పి, రికార్డు ఇలా ఉంటే లోపం ఉందని నేనెలా రాసేదన్నాను. ఆమె నిదానంగా చదివింది.

"మీ రికార్డు ప్రకారం మా ఇంట్లో నెట్ బాగుంది సార్. అంటే పని ఎగ్గొట్టింది నేనన్నమాట."

రేపు నేనే వచ్చి చూస్తానన్నాను. మా మెకానిక్ అప్పలస్వామి ఆ కోడ్‌లు ఎలాగో మాయచేసి కొట్టేస్తున్నాడని నా అనుమానం. అది తేల్చుకుందామనుకున్నాను.

మర్నాడు జీపు వెళ్లినంత దూరం వెళ్లి, అక్కడినుంచి గంట నడిచాం. లైను నిలబడదని తెలిసీ కోడ్ ఎందుకు తీసుకుంటున్నావని దారిలో నిలదీశాను. యాభై దాటిన అప్పలస్వామి ఆయాసపడుతూనే, మూడు రోజులు దాటితే మెమో ఇచ్చేది మీరే కదా సార్ అన్నాడు.

ఇంటికి చేరాక అతను చెట్ల దగ్గర తాళ్లు వదులు చేసి, నలిగిన చోట కేబుల్ కోసి మళ్లీ అతికాడు. మోడెమ్‌లో పచ్చ దీపం వెలిగింది. పని ముగిసిందని అతను ఆ నెట్‌తోనే తన ఫోన్‌లో నొక్కగానే, రూతు తండ్రి బుద్రు చెప్పులు వేసుకుని సెల్‌ఫోన్ పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికని అడిగితే రూతు చెప్పింది. ఊళ్లో సెల్ సిగ్నల్ లేదు. కోడ్ రావాలంటే తోట పైనున్న బండ ఎక్కాలి. అరగంట ఎక్కుడు, అరగంట దిగుడు. అంతసేపూ మాకు చోడి అంబలి, పనసతొనలు పెట్టారు. లైను బాగుందని చెప్పడానికి అరవై దాటిన మనిషి గంటసేపు కొండెక్కి దిగుతుంటే, ఆఫీసులో మేం దాన్ని సత్వర పరిష్కారం అంటున్నాం.

ఆయన తిరిగొచ్చేసరికి గాలి లేచింది. పచ్చ దీపం పోయి ఎర్రది వెలుగుతోంది. ఆయన దాన్ని చూశాడు. చూసి కూడా కోడ్ ఉన్న ఫోను అప్పలస్వామి చేతికిచ్చాడు. నెట్ రాకుండానే ఎందుకిస్తున్నావని అడిగాను.

"అంత దూరం నడిసొచ్చినాడు బాబూ. నెంబరు ఇవ్వకపోతే పైనోళ్లు ఆయన్ని మాటంటారట. వొట్టి సేతుల్తో ఎలా అంపీగలం? నెట్టంటే, ఈయాల కాకపోతే రేపొస్తాది."

ఆ నెంబరే కూతురి ఉద్యోగానికి ఎసరు పెట్టిందని ఆయనకు తెలియదు. రూతు చెప్పలేదు. చెబితే, వచ్చినవాళ్లను ఆదరించడమే తప్పనుకుని కుమిలిపోతాడని ఊరుకుందట. నాకు చాలా సిగ్గేసింది. ఆ కోడ్ కొట్టవద్దని అప్పలస్వామికి చెప్పాను.

గురువారం లేఖ రాసి ఇచ్చాను. లైనులో లోపం ఉంది, అది మాది, డాకెట్లు మూసినంత మాత్రాన లైను బాగైనట్టు కాదు అని మూడు వాక్యాలు, కింద సంతకం. సొంత రికార్డును ఖండించినందుకు జిల్లా కార్యాలయం సంజాయిషీ అడిగింది. కంపెనీ రూతుకు ఇంకో నెల గడువిచ్చింది. ఆ నెల ఆమె రోజూ కొండ దిగి మా ఎక్స్ఛేంజి గదిలో ఒక మూల కూర్చుని పనిచేసింది. బయటివాళ్లను ఆ గదిలోకి రానివ్వడం నిబంధనలకు విరుద్ధం. దానికి రెండో సంజాయిషీ.

దీపం ఒక పగలంతా పచ్చగా నిలిస్తే తప్ప కోడ్ తీసుకోవద్దని మెకానిక్‌లందరికీ చెప్పాను, మెమోలు ఆపేశాను. మరుసటి నెలకు సంతృప్తిలో జిల్లాకు ఆఖరివాళ్లమయ్యాం. సమీక్షా సమావేశంలో నన్ను నిలబెట్టి అడిగారు. ఆ వారంలోనే, ఫిర్యాదులు ఎక్కువున్న ప్రాంతమని, ఏళ్ల తరబడి రాని స్తంభాలు లారీలో వచ్చాయి. కేబుల్ చెట్ల మీదినుంచి వాటి మీదికి మారాక రూతు తిరిగి ఇంటినుంచే పని మొదలుపెట్టింది. ఉద్యోగం ఖాయమైంది.

ఫిర్యాదులు లేని చోటికి అధికారి ముందుగా వెళ్లాలన్నది ఇందులో నేను నేర్చుకున్న పాఠం. అక్కడ లైన్లైనా బాగుండి ఉండాలి, మనుషులైనా మరీ మంచివాళ్లై ఉండాలి. రెండింటిలో ఏదన్నది నడిచి వెళ్తేనే తెలుస్తుంది. మొత్తం సర్వీసులో నేనలా నడిచి వెళ్లింది ఒక్కసారి. అదీ మెకానిక్‌ను పట్టుకుందామని.