వెళ్ళిరా అన్నాను

ఏళ్ళ తరబడి నేనొక మాట మోస్తున్నాను. ఆ మాట నాది కాదు. ఇంకొకరికి చెప్పమని ఒక మనిషి నాకు అప్పగించి వెళ్ళిన కబురు. నేను చెప్పలేదు. మర్చిపోయి కాదు. తెలిసి తెలిసి నాలోనే దాచేసుకున్నాను. ఇవాళ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నాకు ధైర్యం. మా వీధిలో నన్ను మంచిదాన్నంటారు. తల్లిలేని పిల్లాణ్ణి కన్నకొడుకులా పెంచిందంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా తల దించుకుంటాను. అణకువ అనుకుంటారు.

తల్లిలేని పిల్లాడట. లేకుండా చేసిందెవరు?

మొదటినుంచీ చెబుతాను. మాది రేపల్లె. చేపల వ్యాపారం. మా ఆయన సముద్రపు ఒడ్డుకి వెళ్ళి పడవల దగ్గర చేపలు కొని, ఐసు వేసి గంపల్లో సర్ది, రైల్లో తెనాలి పంపేవారు. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, మీసాలు రాకముందే రంగూన్ వెళ్ళి అక్కడొక బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరాడు. అక్కడ ప్రభుత్వం మారి, మనవాళ్ళ కొట్లూ మిల్లులూ లాక్కోవడం మొదలుపెట్టాక, అందరితో పాటు అతనూ ఓడెక్కి వచ్చేశాడు. ఒంటరిగా రాలేదు. వెంట బర్మా పెళ్ళాం, ఆమె చంకలో నెలల పిల్లాడు.

ఆమె పేరు మాటిన్. వాళ్ళ భాషలో ‘మా’ అంటే ఆడపిల్ల పేరు ముందు మర్యాదకి పెట్టే మాటట. మాకేం తెలుసు? మా అత్తయ్య వినగానే, “మా టిన్నా? పేరులోనే మనల్ని కలిపేసుకుందే!” అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వుతోనే కోడలిగా ఒప్పుకున్నట్టయింది. ఇరుగుపొరుగు వాళ్ళయితే ఇంకా ఒక మెట్టు ఎక్కి, “ఏమ్మా, మీ టిన్ను ఏం చేస్తోంది?” అని నన్నడిగేవారు. ఆ వరస అర్థమైన రోజున మాటిన్ వీధరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

అప్పటికి ఆమెది వచ్చీరాని తెలుగు. వచ్చిన కొత్తలో ఒకరోజు సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరుతూ, “అక్కా, నేను పోతున్నాను” అంది. అత్తయ్య కస్సుమంది. నేను ఆమెని లోపలికి లాక్కొచ్చి మెల్లిగా చెప్పాను.

“పోతున్నాననకూడదే. వెళ్ళొస్తాననాలి. అట్టా అంటేనే తిరిగొస్తారు.”

“అనకపోతే రారా అక్కా?”

“రారు” అన్నాను, ఆటపట్టించడానికి.

ఆమె నిజమనుకుంది. ఆ తరవాత పెరట్లో బట్టలారెయ్యడానికి వెళ్తూ కూడా “వెళ్ళొస్తానక్కా” అనేది. నేను వంటింట్లోంచి “వెళ్ళిరా” అనేదాన్ని. నేను అనేదాకా గడప దాటేది కాదు.

ఆమె పాస్‌పోర్టు బర్మాది. ఇక్కడ ఉండాలంటే ఏటా అనుమతి తీసుకోవాలి. మరిది ఆమెని గుంటూరు తీసుకెళ్ళి, విదేశీయుల సంగతులు చూసే పోలీసు ఆఫీసులో మళ్ళీ ఏడాదికి రాయించుకుని వచ్చేవాడు. ఊరు దాటి కొన్నాళ్ళు ఉండాలన్నా స్టేషన్లో చెప్పి వెళ్ళాలి. చెరుకుపల్లిలో మా ఆడపడుచు ఇంట్లో పెళ్ళయితే, “మా కోడలు పెళ్ళిభోజనానికి వెళ్ళాలంటే పోలీసుల్నడగాలంట!” అని అత్తయ్య ఊరంతా చెప్పుకుంది. ఆ రోజుల్లో ఆ రూల్సు మాకు నవ్వులాటగా ఉండేవి. నవ్వించే మరిది ఉన్నాడు కాబట్టి ఉండేవేమో. పిల్లాడికి మాటలొచ్చే వేళకి అతను పచ్చకామెర్లతో పోయాడు. ఆ వెనకే అత్తయ్య.

అప్పటినుంచి ఆమెని గుంటూరు తీసుకెళ్ళే పని మా ఆయన మీద పడింది. మొగుడు లేని పరదేశపు పిల్లకి ఈసారి గడువు పొడిగిస్తారో లేదోనని ప్రతిసారీ గుబులే. పొడిగించకపోతే ఆమె వెళ్ళిపోవాలి. ఆమె వెళ్తే పిల్లాడూ వెళ్తాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నాకు పిల్లల్లేరు. సూర్యం, అదే ఆ పిల్లాడు, నా పక్కలోనే పడుకునేవాడు. నా చేత్తో పెడితేనే తినేవాడు. మాటిన్ ఎన్నడూ కుళ్ళుకోలేదు. “వాడికి ఇద్దరమ్మలు” అని గొప్పగా చెప్పుకునేది. ఆ ఇద్దరిలో ఒకరు ఎక్కువని నాకు ఎప్పుడు తోచింది? ఫలానా రోజని చెప్పలేను. ఆమె గుంటూరు వెళ్ళిన పూట, వాడు నా భుజం మీద నిద్రపోతుంటే, అనుమతి రాకపోతే వీణ్ణి ఎలా వదిలి ఉండాలి అని ఏడ్చేదాన్ని. ఆమె కోసం ఏడుస్తున్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

అలాంటప్పుడు రంగూన్ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆమె తల్లికి బాగాలేదు, ఆఖరి చూపుకి రమ్మని. మాటిన్ ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి, “రెండు నెలలు అక్కా. అమ్మని చూసి వచ్చేస్తాను” అంది. పిల్లాణ్ణి తీసుకెళ్తే ఓడ ప్రయాణం, పైగా అక్కడివాళ్ళు వాణ్ణి మళ్ళీ వదలరేమోనని భయం. “నీ దగ్గరుంటే నాకు భయం లేదు” అంది. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

మా ఆయన టిక్కెట్టు ఏర్పాట్లకి మద్రాసు వెళ్ళిన రోజున, పోలీసు స్టేషన్ నుంచి హెడ్డుగారు వచ్చారు. నెమ్మదైన మనిషి. వీధిలోనే సైకిలు ఆపి, అరుగు దగ్గర నిలబడ్డారు.

“ఆవిడ లేదామ్మా?”

“లేదండి, బజారుకెళ్ళింది.”

“అయితే మీరు చెప్పండమ్మా. ఆవిడ వెళ్ళేలోపల గుంటూరు వెళ్ళి, తిరిగి రావడానికి పర్మిషన్ వేయించుకోవాలి. అది లేకుండా ఓడెక్కిందంటే ఇక్కడి అనుమతి అక్కడితో సరి. మళ్ళీ రావాలంటే మొదట్నుంచీ వీసా అడగాల్సిందే. ఈ రోజుల్లో బర్మావాళ్ళకి అదంత తేలిగ్గా ఇవ్వట్లేదు. మర్చిపోకుండా చెప్పండి.”

“అట్టాగేనండి. చెప్తాను.”

మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, “వెళ్ళొస్తానమ్మా” అని వెళ్ళిపోయారు.

కాసేపటికి మాటిన్ వచ్చింది. తల్లికిష్టమని ఎండురొయ్యలు కొనుక్కొచ్చింది. సంచీ దించుతూనే అడిగింది.

“అక్కా, పోలీసాయన వచ్చాడంటగా? ఏమన్నాడు?”

సూర్యం నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏం లేదు. ఎప్పుడెళ్తున్నావని అడిగాడు” అన్నాను.

అంతే. అంత తేలిగ్గా అనేశాను. నేనేదో పన్నాగం పన్నానా? ఆ క్షణంలో లేదు. నోరు దానంతటదే పలికింది. కానీ ఆమె ఓడెక్కడానికి ఇంకా రోజులున్నాయి. రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ చెబుదాం అనుకునేదాన్ని. సాయంత్రానికి, రేపు చెప్పినా గుంటూరు వెళ్ళిరావచ్చులే అనుకునేదాన్ని. ఆ రేపులన్నీ అయిపోయాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం పట్టుకుంది. ఇదంతా నిజమే. దీని అడుగున ఉన్నదీ నిజమే. ఆమె రాకపోతే వాడు నావాడు. ఆ ఆలోచనని నేను పిలవలేదు, కానీ వస్తే వెళ్ళగొట్టనూ లేదు.

ఆమెని సాగనంపడానికి పిల్లాణ్ణి ఎత్తుకుని తెనాలి దాకా వెళ్ళాను. ఓడ ఎక్కించి రావడానికి మా ఆయన ఆమెతో మద్రాసు వెళ్తున్నారు. ప్లాట్‌ఫారం మీద ఆమె పిల్లాడి బుగ్గలకి వాళ్ళ దేశపు చెట్టుబెరడు అరగదీసిన గంధం రాసింది. ఎప్పుడూ రాసేదే. మిగిలిన బెరడు ముక్క నా చేతిలో పెట్టి, “రోజూ రాయి అక్కా, ఎండకి మంచిది” అంది. మద్రాసు బండి వచ్చింది. పెట్టె మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“వెళ్ళొస్తానక్కా. చూడు, పోతున్నాననలేదు.”

నవ్వుతోంది. కళ్ళనిండా నీళ్ళు. నా మాట కోసం ఆగింది. నేను అంటేనే కదా ఆమె కదిలేది.

“వెళ్ళిరా” అన్నాను.

ఎలా అనగలిగాను? రావడానికి దారి లేకుండా చేసి, రమ్మన్నాను.

ఓడరేవులో ఆమె ఇక్కడ ఉండే అనుమతి కాయితం తీసేసుకున్నారని మా ఆయన వచ్చి చెప్పారు. అదొక పద్ధతి కాబోలనుకున్నారట. నేను పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఆమె తల్లి పోయింది. రెండు నెలలు దాటాయి. మాటిన్ రంగూన్‌లో మన దేశపు ఆఫీసుకి వెళ్తే, నువ్వు తిరిగి వస్తానని రాయించుకోలేదు కదా, కొత్తగా అర్జీ పెట్టుకో, అన్నారట. అర్జీ మీద అర్జీ పెట్టింది. మా ఆయన గుంటూరు పరిగెత్తారు. హెడ్డుగారి చేత ఇంటికి కబురు చేశామని వాళ్ళు అన్నారు. మా ఆయన మండిపడి హెడ్డుగారిని మా గుమ్మంలోకే తీసుకొచ్చి నిలదీశారు. పాపం ఆయన నా వంక చూశారు.

“చెప్పాను కదమ్మా?”

“నాకు గుర్తులేదండి” అన్నాను.

టోపీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఈసారి వెళ్ళొస్తానని కూడా అనలేదు. మా ఆయన బతికినన్నాళ్ళూ ఆయన్ని బాధ్యత లేని మనిషని తిడుతూనే ఉన్నారు. నేను వింటూ ఊరుకున్నాను. మొదటిది మాట మింగెయ్యడం. ఇది ఇంకో మనిషి పరువు తియ్యడం.

మాటిన్ ఉత్తరాలు అక్కడ మిగిలిన తెలుగువాళ్ళ చేత రాయించేది. “అక్కా, నేనేం తప్పు చేశానో తెలియడం లేదు. వెళ్ళొస్తాననే అన్నాను కదా” అని ఒకదాంట్లో ఉంది. చదివి పొయ్యిలో పెట్టాను. పోనుపోను ఉత్తరాలు రావడం మానేశాయి. అక్కడి రోజులు అలాంటివి. అనుమతి వేయించుకుని వెళ్ళినా, అక్కడివాళ్ళు మళ్ళీ బయటికి వదిలేవారో లేదో అని నన్ను నేను సముదాయించుకున్నాను. నిజంగానే వదిలేవారు కాదేమో. ఈ ఒక్క ‘ఏమో’ని పట్టుకుని ఇన్నేళ్ళు నిద్రపోయాను. కానీ తెలిసి ఉంటే ఆమె గుంటూరు వెళ్ళేది. లేదా పిల్లాడి మొహం చూసి ప్రయాణమే మానుకునేది. ఏదైనా ఆమె తేల్చుకోవాల్సింది. ఆమె బదులు నేను తేల్చేశాను.

సూర్యం బుగ్గలకి ఆ బెరడు అరిగిపోయేదాకా గంధం రాశాను. అరిగిపోయిన రోజున, “ఇంకోటి అమ్మ తెస్తుందిలే” అన్నాడు. కొన్నాళ్ళకి ఆ మాట మానేశాడు. పెద్దమ్మా అనే పిలుపు ఎప్పుడో అమ్మా అయింది. నేను కోరుకున్నదదే. వాడు మొదటిసారి అలా పిలిచినప్పుడు పెరట్లోకి వెళ్ళి దండెం పట్టుకుని నిలబడిపోయాను. సంతోషమా? సంతోషమే. అదే నా పాపం.

ఆ తెనాలి ప్రయాణం తరవాత ఇంతవరకూ నేనెవరితోనూ ‘వెళ్ళిరా’ అనలేదు. ఎవరైనా వెళ్ళొస్తానంటే తల ఊపుతాను. పొగరనుకునేవాళ్ళు అనుకుంటారు. చేపలకని తీరానికి బయల్దేరుతూ గడపలో ఆగి ఆగి, మా ఆయన కూడా విసుక్కునేవారు. కిందటేడు ఆయన పోయారు, ఏమీ తెలియకుండానే.

నిన్న సూర్యం బాపట్ల వెళ్ళాడు. కాలేజీలో సీటొచ్చింది, హాస్టల్లో ఉంటాడు. మళ్ళీ తెనాలి స్టేషనే. మళ్ళీ మద్రాసు వైపు వెళ్ళే బండే. వాడికి తల్లి కళ్ళు. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

“వెళ్ళొస్తానమ్మా.”

నేను తల ఊపాను. వాడు కదల్లేదు.

“ఏంటమ్మా, ఇవాళైనా అనవా?”

నోరు తెరిచాను. మాట రాలేదు. బండి కదిలింది. తలుపు దగ్గర నిలబడి, కనిపించినంత మేర నా నోటివంకే చూస్తూ వెళ్ళాడు.

రాత్రంతా కూర్చుని, పొద్దున్నే ఇది మొదలుపెట్టాను. వాడితో చెబుతానా? చెప్పాలి. చెబితే వాడు నన్ను ఏమని పిలుస్తాడు? ఆ ప్రశ్న దగ్గర ఇప్పటికీ ఆగిపోతున్నాను. పిరికిదాన్ని. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. క్షమించాల్సిన మనిషి బతికి ఉందో లేదో కూడా నాకు తెలియదు. అయినా ఆమె అడిగిన దానికి ఇంతవరకు జవాబు ఇవ్వలేదు. అది మాత్రం ఇక్కడ చెప్పేస్తాను.

మాటిన్, పోలీసాయన ఏమన్నాడని ఆ రోజు అడిగావు. వెళ్ళేముందు గుంటూరు వెళ్ళి, తిరిగి రావడానికి అనుమతి వేయించుకోమన్నాడు. అది లేకపోతే మళ్ళీ రానివ్వరన్నాడు. మర్చిపోకుండా నీకు చెప్పమన్నాడు.