రెండో వరద నాటి వయసు

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఏలూరులో నలభై ఏళ్లు తివాచీలు నేసినవాణ్ణి, కంటికి కనిపించిన ముడినే నమ్ముతాను. ఆ కన్నే నన్ను మోసం చేసింది. ఎడమ పక్క చూపు పోయి, అటువైపు ముడులు వదిలేసి నేస్తున్నానట.

తలలో గడ్డ ఉందని ఇక్కడి డాక్టరు మద్రాసు పంపాడు. చాలా అరుదైన జబ్బట. అయినా అక్కడి ఆసుపత్రిలో నా పక్క మంచం మీద కలిదిండి రైతు వెంకటరాజుకీ అదే జబ్బు. అతనికి ఇరవై ఆరేళ్లు. పెద్ద డాక్టరు అతని భుజం తట్టి, ఈ వయసులో ఆపరేషను తట్టుకుంటావన్నాడు. యాభై దాటినవాళ్లు తట్టుకోలేరనీ, వాళ్లకు చెయ్యననీ అన్నాడు. నన్ను ఆయన ఇంకా చూడలేదు. నాకు అరవై.

దాచడం దేనికి, కుళ్లుకున్నాను. భార్య సుబ్బమ్మ కలిపిచ్చిన అన్నం అతను ఆవురావురుమని తింటుంటే చూడలేకపోయాను. వీడి వయసులో కాస్త నాకిస్తే వీడి సొమ్మేం పోయిందనుకున్నాను.

మర్నాడు మా ఇద్దరి తలలూ, నా గడ్డమూ నున్నగా గొరిగారు. తర్వాత గుమాస్తా వచ్చి వయసు అడిగాడు. మా వైపు వయసు వరదల్ని బట్టి చెబుతాం.

"పెద్ద వరద ఏడాది పుట్టానండి" అన్నాను.

పెద్ద వరదలు రెండొచ్చాయి, ఇరవై ఏళ్ల తేడాతో. నేను పుట్టింది మొదటిదాంట్లో.

"సాయిబుగారు మా పెద్దన్నయ్య ఈడువారండి. నలభై ఉంటాయి, రాసుకోండి" అన్నాడు వెంకటరాజు.

పాపం, పొరపాటు పడ్డాడనుకుని నేను నోరు మెదపలేదు.

ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషను చేశారు. నేను పదో రోజున లేచి నడిచాను. వెంకటరాజుకు కూడా గడ్డ శుభ్రంగా వచ్చేసిందన్నారు. కానీ అతను ముసలివాడిలా రోజురోజుకీ వడిలిపోయాడు. ఎందుకో డాక్టరుకే అంతుపట్టలేదు. నెల తిరక్కుండానే పోయాడు. అప్పటికి అతని తల మీద మొలిచిన జుట్టు తెల్లగా ఉంది. నా జుట్టూ గడ్డమూ నల్లగా వచ్చాయి.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఒక్క వెంట్రుకా నెరవలేదు. కారణం ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

అతను పోయిన రోజు, ఊరికి వెళ్లేటప్పుడు సుబ్బమ్మ నా మంచం దగ్గర ఆగింది. అతను పొరపాటు పడ్డాడని ఆమెతో అన్నాను.

"లేదండీ. మీరొచ్చిన రోజే మా ఆయన మీ తెల్లగడ్డం చూశారు కదండీ. పెద్దాయన, ఒక్క అబద్ధంతో బతుకుతారంటే చెప్పనా అన్నారండి" అంది.

అది విన్నాక కూడా నా అసూయ చావలేదు. అతని చోట నేనుంటే నోరు విప్పేవాణ్ణి కాదు.