సిపాయి తెచ్చిన తిరగలి

లడాయి నుంచి తిరిగొచ్చిన ఒక సిపాయి తిరగలిని నాందేడ్ స్టేషన్ నుంచి రెండు కోసుల, అంటే నాలుగు మైళ్ల దూరంలోని అతని ఇంటిదాకా నేనే మోశానని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. వినేవాళ్లు నోరెళ్లబెడితే ఇంకో కోసు కలుపుతాను.

జరిగింది వేరు. నేను స్టేషన్ ముందు రైలు కోసం కూర్చుని ఉంటే, ఖాకీ కోటు మనిషి ఒకడు వచ్చాడు. ఎడమ చెయ్యి లేదు. ఉన్న చేత్తో తిరగలి రాతిని పొట్టకు అదుముకొచ్చి నా ముందు దించాడు.

"తమ్మీ, జర చూస్తుండు. జోడు రాయి తెస్త."

అతను అటు వెళ్లగానే నేను దర్జాగా ఆ రాతిమీద కూర్చున్నాను. తిరిగొచ్చి కసిరాడు.

"లే తమ్మీ! పిండి పడే రాయి మీద కూసుంటరా? నేను లడాయిల ఉన్న నాలుగేండ్లు నా పెండ్లాం పరాయి ఇంట్ల ఇసురుకున్నది. ఇయ్యాల పొద్దుగూకేలోపు మా ఇంట్ల ఇసరాలె."

"మీ ఊరెంత దూరమన్నా?"

"రెండు కోసులు."

"రెండు రాళ్లు ఎట్ల మోస్తవన్నా?"

"గిట్లనే. ఒకటి ముంగట పెడత, ఎనకకొచ్చి ఇంకోటి తీస్కపోత."

రైలొస్తుందని నేను సాయం పోలేదు. ఆ రైలు రెండు గంటలు ఆలస్యం. అంతసేపూ రోడ్డు మీద పోతున్న అతన్ని చూస్తూ కూర్చున్నాను. రాయితో ముందుకు, వట్టి చేత్తో వెనక్కి. కనుమరుగయ్యేదాకా ఎక్కడా కూర్చోలేదు.

మా ఇంట్లో తిరగలి జరపాలంటే నేనే లేస్తాను. ఇది మాత్రం కోతలు కొయ్యడం కాదు, మా ఆవిడను అడగండి.