పాప దగ్గర ఇనుము తీయించాక...

నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పను. మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

పోయిన చలికాలం. లంబసింగి దారిలో ఒక చెక్‌పోస్టు. బట్టల కింద దాచిన ఆయుధాలు పట్టే యంత్రం బిగించడానికి మా కంపెనీ నన్ను పంపింది. రేకుల షెడ్డులో తలుపుల్లాంటి రెండు పలకలు... వాటి నిండా చిన్న చిన్న యాంటెన్నాలు. మధ్యలో మనిషి నిలబడితే తరంగాలు బట్టల్లోంచి దూరిపోతాయి. ఒళ్లు తెర మీద బూడిద రంగులో కనిపిస్తుంది. ఇనుము తెల్లగా మెరుస్తుంది.

చీకటి పడింది. షెడ్డులోకి కూడా మంచు వచ్చేసింది. ఆటో ఒకటి ఆగింది. ఒక కొండ ఊరి ఆడమనిషి దిగింది. వీపున గుడ్డలో కట్టుకున్న పసిపాప.

"బేగి ఒగ్గీయండి బావూ... గుంటకి జొరం. కళ్లు తెరవట్నేదు. ఆస్పత్రికెల్లాల."

పలకల మధ్య నిలబెట్టాం. టింగ్... పాప నడుము దగ్గర తెల్లటి గీత. చిన్న కత్తి!

"ఏటమ్మా ఇది? ఎవుల్ని పొడిసేత్తావేటి?" అన్నాడు కానిస్టేబుల్ సన్యాసి.

"పొడవడానికేటి బావూ! సీకట్లో బయటికి తెస్తే గుంట కాడ ఇనుముండాల. నేకపోతే గాలి పట్టుద్ది. తియ్యకండి."

నాకు ఒళ్లు మండింది. "కత్తి బల్ల మీద పెట్టి మళ్లీ రమ్మనండి. లేకపోతే పంపేది లేదు" అన్నాను. ఆమె ఏడుస్తూనే తీసి ఇచ్చింది. మళ్లీ నిలబడింది.

తెర మీద తెల్ల గీత లేదు. ఆమె ఉంది. వీపున పాప ఉంది. పాప వెనుక... ఇంకొకరు.

తలెత్తి చూశాను. లైటు కింద ఆమె ఒక్కతే. తెర చూశాను. ఇంకొకరు... పొడుగ్గా.

నాకూ తెలుసండీ! తరంగాలు దేనికో తగిలి తిరిగొస్తే ఒక్కోసారి అదే మనిషి తెర మీద రెండోసారి పడతాడు. కానీ అలాంటిదైతే ఆమె కదిలితేనే కదలాలి కదా? ఆమె కొయ్యలా నిలబడి ఉంది. అది వంగుతోంది... మెల్లగా... పాప ముఖం మీదకి. యంత్రంలో ఫ్యాను గుయ్‌... మంటోంది. పాప మూలుగు ఆగిపోయింది.

"కత్తి ఇచ్చేయండి!" అని అరిచాను. సన్యాసి బిత్తరపోయాడు. నేనే కత్తి లాక్కుని పరిగెత్తి పాప గుడ్డలో దోపాను. పాప కేర్‌మంది. హమ్మయ్య అనుకున్నాను.

వెనక్కి వచ్చి తెర చూశాను. కత్తి మెరుస్తోంది. ఆ పొడుగాటిది పోలేదు... ఒక్క అడుగు వెనక్కి జరిగింది, అంతే.

సన్యాసి గేటు ఎత్తేశాడు. ఆమె పరుగున ఆటో ఎక్కింది. తెర ఖాళీ. ఆ మంచులో ఆటో ఎక్కింది ఎంతమందో నాకు తెలియదు. పాప ఎలా ఉందో కనుక్కుందామని ఆస్పత్రి నంబరు తెచ్చుకున్నాను. ఇంతవరకు ఫోన్ చేయలేదు.