ఖాలా మాట మా ఫోన్ల పడ్డ రోజు

మా చిన్నప్పుడు లాల్‌దర్వాజా గల్లీల ఫోనంటే గుంజకు కట్టేసిన బర్రె లెక్కనే... వైరు ఎంత దూరమొస్తే అంత దూరమే మాట.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల మా బాపు కార్డ్‌లెస్ ఫోన్ కొనుక్కొచ్చిండు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఎదురింటి రజియా ఖాలా (ఖాలా అంటే పిన్ని; పేరు మార్చి రాస్తున్న) వాళ్ళింట్ల అసొంటిది ఉంటే చూసి, అదే దుకాణానికి పోయి అదే రకం తెచ్చిండు. ఫోన్ పట్టుకొని మిద్దె మీదికి పోయి మాట్లాడొచ్చు... ఆ సంబురం ఇప్పటి పిల్లలకు ఎట్ల చెప్పినా అర్థం కాదు.

ఒకరోజు పగటిపూట, దోస్తుకు ఫోన్ చేద్దామని బటన్ ఒత్తిన. డయల్ టోన్ రాలే... రజియా ఖాలా గొంతు వచ్చింది. రెండూ ఒక్క రకం ఫోన్లాయె, ఆమె మాట మా దాంట్ల కలిసింది.

"భాయ్, పెద్దోళ్ళు కట్టుకునే ప్యాడ్లు వచ్చినయా?" అని ఉర్దూల అడుగుతున్నది. అవతల మెడికల్ షాపాయన. "ఎవరికి ఆపా (అక్కా), మీ అత్తగారికా?" అన్నడు.

ఖాలా గొంతు తగ్గించింది. "హౌ... అత్తకే. నల్ల కవర్ల పెట్టి ఉంచు" అన్నది.

ఖాలా అత్త సచ్చిపోయి అప్పటికి మూడేండ్లు.

అంటే... ఖాలాకేనా? నలభై ఐదేండ్లు గూడ ఉండవు. గల్లీ మొత్తం ఇనవడేటట్టు నవ్వే మనిషి.

ఉరికిపోయి అమ్మకు చెప్పిన. "పక్కోళ్ళ మాటలు దొంగతనంగ ఇంటవా" అని ఈపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, పీట మీద కూలవడ్డది. "పెద్దోళ్ళయి అన్నదా... నువ్వు సరిగ్గ ఇన్నవా?" అని మళ్ళ అడిగింది. చూస్తే కండ్లల్ల నీళ్ళు.

అప్పుడు అమ్మ చెప్తే తెలిసింది నాకు అసలు సంగతి...

మా నానమ్మ ఏడాది సంది ఇల్లు కదల్తలేదు. గుడికి రాదు, పెండ్లిండ్లకు రాదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటది. నీళ్ళు గూడ సరిగ్గ తాగది. ఆ ఎండకాలమే కండ్లు తిరిగి పడితే, ఒంట్ల నీళ్ళే లేవని డాక్టరు తిట్టిండు. మోకాళ్ళు గాదు ఏం గాదు... దగ్గినా, లేచినా ఆమెకు ఒంటేలు ఆగది. పాత చీరలు చింపి మడతలు పెట్టి కట్టుకుంటది. అమ్మ వాటిని ఎవరూ లేవకముందే ఉతికి, మిద్దె మీద దుప్పటి కింద ఆరేస్తది. బాపుకు గూడ చెప్పొద్దని నానమ్మ అమ్మతోని ఒట్టు పెట్టించుకుంది.

రోజూ ఆమె పక్కల పండేదాన్ని నేను. నాకే తెలవకపోయె.

తెల్లారి అమ్మ నన్ను ఎంటవెట్టుకొని ఖాలా ఇంటికి పోయింది. డొంకతిరుగుడు లేకుంట చెప్పేసింది. "ఆపా, నిన్న నీ మాట మా ఫోన్ల పడ్డది. మా పిల్ల ఇన్నది, నాకు చెప్పింది. తప్పయింది."

ఖాలా మొకంల నెత్తురు చుక్క లేదు. తలుపు దిక్కు చూసింది. "ఇంకెవరికి చెప్పిన్రు?"

"ఎవరికీ చెప్పలే... మా అత్తకు గూడ గిట్లనే ఉంది. ఏం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు."

ఖాలా లేచి, తలుపు గడియ పెట్టి, అల్మారల బట్టల కింద నుంచి నాలుగు ప్యాడ్లు తీసి అమ్మ చేతుల పెట్టింది. "చిన్నోడు పుట్టిన కాన్నుంచి నాకిదే బాధ. మా ఆయనకు గూడ తెలవది" అన్నది. ఆ చిన్నోడు నా తోటోడు...

నానమ్మ ఆ ప్యాడ్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇవి దుకాణంల అమ్ముతరా? పెద్దోళ్ళకు?" అని అడిగింది. ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. "అయితే నా ఒక్కదానికే గాదన్నట్టు ఇది" అన్నది మెల్లగ.

నాలుగూ అయిపోయినయి. అమ్మ, నేను అఫ్జల్‌గంజ్ మెడికల్ షాపుకు పోయినం. దుకాణం నిండ మగోళ్ళు. అమ్మకు నోరు రాలే. తలనొప్పి గోలీలు కొనుక్కొని వాపస్ వచ్చినం.

నానమ్మ ఆ గోలీలు తీసి గూట్ల పెట్టింది. తెల్లారి మంచి చీర కట్టుకొని గడప కాడ నిలవడ్డది. "ఆటో పిలువు. నేనే పోత."

గదే దుకాణం, గదే మంది. నానమ్మ అద్దాల బల్ల మీద చెయ్యి పెట్టి నిమ్మళంగ చెప్పింది. "బిడ్డా, నాకు ఉచ్చ ఆగుతలేదు. పెద్దోళ్ళు కట్టుకునే ప్యాడ్లు ఉన్నయంట. ఇయ్యి."

దుకాణంల ఉన్నోళ్ళందరు మా దిక్కు తిరిగిన్రు. అమ్మ కొంగు మొకానికి అడ్డం పెట్టుకుంది. షాపాయన పై అర నుంచి తీసి నల్ల కవర్ల పెట్టబోతే, "కవరెందుకు, సంచి ఉంది" అన్నది.

మేం మెట్లు దిగుతుంటే ఎనుక నుంచి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన వచ్చిండు. మాకంటె ముందు నుంచి ఆడనే నిలవడి ఉన్నడు, ఏం కొననే లేదు. "అమ్మా... గవి మగోళ్ళకు గూడ పనికొస్తయా?" అని నానమ్మను అడిగిండు.

"పా నాయినా, ఇద్దరం పోయి అడుగుదం" అని, నానమ్మ మళ్ళ మెట్లెక్కింది.

ఇప్పుడు అవే ప్యాడ్లు ఆన్‌లైన్ల నొక్కితే అట్టడబ్బల ఇంటికొస్తయి. ఎవరి మొకం చూసి అడిగే పని లేదు. మంచిదే... కాని గిప్పుడు మా అపార్ట్‌మెంట్ల ఎదురింటామెకు ఏం బాధ ఉన్నదో నాకు తెలవది. నా బాధ ఆమెకు తెలవది.

మీ ఇంట్ల గూడ నోరు దాటని మాట ఏదన్న ఉండెనా... దాన్ని మొదాలు బయటికి అన్నది ఎవరు? యాదికొస్తే రాయున్రి. చదువుకుంట.