కలెక్టరు గారి కుడితి

గొర్రెలకు పెట్టే మేత ఏదైనా ముందు తాను రుచి చూడనిదే పెట్టని మనిషి ఈ భూమ్మీద ఒక్క కనకరాజే అయి ఉంటాడని వీరలక్ష్మికి గట్టి నమ్మకం. తవుడు గానీ, కొబ్బరి చెక్క గానీ, అవిసాకు గానీ, పనస తొక్క గానీ, ముందు ఆయన నోట్లో పడాల్సిందే. ఆ తరువాతే మందకు.

వేసవిలో నీళ్ళు ఆపి కాలవలు కట్టేసేవారు. చెరువుగట్ల మీద గడ్డి ఎండి చీపురుపుల్లలయ్యేది. గొర్రెలు తిరిగిన బీళ్ళన్నీ రొయ్యల చెరువులైపోయాయి. సరిగ్గా అప్పుడే మందలో సగం చూడితో ఉండేవి. "కడుపుతో ఉన్నోళ్ళకి ఏది పడితే అది పెడతామేంటండి?" అనేవాడు కనకరాజు.

అమలాపురంలో గానుగ చెక్క కొనడానికి వెళితే బస్తా విప్పించి, ఓ ముక్క నమిలి, కళ్ళు మూసుకునేవాడు.

"ఇది పాతదండి."

"నిన్ననే గానుగ దగ్గర్నుంచి వచ్చిందండీ బాబూ!"

"వచ్చింది నిన్నేనండి. పుట్టింది ఎప్పుడని?"

కొట్టు యజమాని లోపల్నుంచి ఇంకో బస్తా తీయించేవాడు.

ఓసారి పశువుల డాక్టరు గారు చూడిగొర్రెలు నాకడానికని ఉప్పు ఇటుక ఇచ్చారు. వారం పోయాక వచ్చి, "ఎలా ఉంది కనకరాజు గారూ?" అని అడిగారు.

"ఉప్పు సరిపోయిందండి. చివర్లో కొంచెం చేదు తగుల్తోంది."

"నేనడిగింది గొర్రెల సంగతండీ!"

"వాటికింకా ఇవ్వలేదండి. నేనే సగంలో ఉన్నాను."

ఆయన భార్య గంగాభవాని మాత్రం సంతోషంగానే ఉండేది. "మా ఆయన నా వంటకి ఏనాడూ వంక పెట్టలేదమ్మా. ఆ నోటికి ఎప్పుడూ చెక్క రుచే. ఇంక వంక ఎక్కడ దొరుకుద్ది?"

ఈ అలవాటు గొర్రెలకూ అంటుకుంది. మందకు పెద్ద ఒక పొట్టేలు, పేరు కలెక్టరు. కనకరాజు వేలు ముంచి చప్పరించి, వీధంతా వినబడేలా బాగుందో లేదో చెబితే తప్ప ఆ దొర తొట్లో మూతి పెట్టేవాడు కాదు.

పొద్దున్నే పాత మోపెడ్‌కి రెండు డబ్బాలు కట్టుకుని ఇంటింటికీ కుడితికి వచ్చేవాడు కనకరాజు. గుమ్మం పక్క బకెట్లో బియ్యం కడిగిన నీళ్ళు, కూరల తొక్కలు ఉండేవి. అందులో వేలు పెట్టి, ఇంట్లో సంగతులన్నీ అక్కడే చెప్పేసేవాడు. "వదినగారూ, చుట్టాలొచ్చేరా అండి? బియ్యం రెండింతలు కడిగేరు!" ఆడవాళ్ళంతా తిట్టుకునేవారు.

ఓ వేసవి అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది వీరలక్ష్మి. మస్కట్‌లో ఆమె భర్త సతీష్ పనిచేసే కంపెనీ మూతపడి జీతం ఆగిపోయింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని ఆమె పంతం. ఎవరడిగినా, "బాగానే ఉన్నారండి, ఫోన్ చేసేరండి" అనేది. రేషను బియ్యం నిండుకున్నాక, పిల్లల్ని ఐ.పోలవరంలో అమ్మమ్మగారింటికి పంపించి, తను టీ నీళ్ళతో సరిపెట్టుకుంది.

ఎవరికీ అనుమానం రాలేదు. ఇంక భయమల్లా ఆ మోపెడ్ తోనే. బకెట్ ఖాళీగా ఉంటే ఆ మహానుభావుడు, "ఏమండీ, పొయ్యి వెలిగించలేదా?" అని వీధి మధ్యలో నిలబడి అడుగుతాడు. అందుకని బకెట్ నీళ్ళలో రెండు గుప్పిళ్ళ ముగ్గుపిండి కలిపి గుమ్మం పక్కన పెట్టింది. చూడ్డానికి చిక్కటి కుడితే.

ఆయన కుడితిని చూసే రకం కాదు, చప్పరించే రకం. ఆకలి మీదున్న బుర్రకు ఆ సంగతి తట్టేసరికి మోపెడ్ రానే వచ్చింది.

కనకరాజు వేలు ముంచాడు. నోట్లో పెట్టుకున్నాడు. నోరు అలాగే ఆగిపోయింది. తలుపు చాటు నుంచి వీరలక్ష్మి చూస్తూనే ఉంది.

"చెల్లెమ్మగారూ!"

"ఆయ్, అన్నయ్యగారూ."

"పాత బియ్యమేనాండీ?"

"ఆయ్... పాతవేనండి."

"అదీ! అందుకే ఇంత చిక్కగా ఉంది. మా కలెక్టరుకి ఇవాళ పండగేనండి!" అంటూ డబ్బాలో పోసుకుని వెళ్ళిపోయాడు.

గట్టెక్కాననుకుంది. సాయంత్రం కుళాయికి వెళుతుంటే వీధి మలుపులో, కొబ్బరిచెట్టు మొదట్లో, పారబోసిన ముగ్గు తెల్లగా ఎండి కనిపించింది. ఖాళీ బిందెతోనే ఇంటికి తిరిగొచ్చేసింది. తెల్లారితే ఊరంతా తెలిసిపోతుంది.

తెల్లారింది. మోపెడ్ మీద డబ్బాలు లేవు. బియ్యం బస్తా ఉంది.

"చెల్లెమ్మగారూ, మీతో పెద్ద పేచీ వచ్చిపడిందండి!" వీధంతా వినబడేలానే అరిచాడు. "నిన్నట్నుంచి మా కలెక్టరు ఇంకెవరింటి కుడితీ ముట్టనంటున్నాడు. ఈ బియ్యం కడిగి, ఆ నీళ్ళు నాకు రోజూ ఇవ్వాలి మీరు."

"మరి బియ్యమో?"

"నాకెందుకండి బియ్యం? గొర్రెలకి పెడితే కడుపుబ్బి చస్తాయండి. మీరే ఏదో ఒకటి చేసి వదిలించుకోండి."

"అన్నయ్యగారూ, నిన్నటి కుడితి..."

"నిన్నటిది నిన్నే అయిపోయిందండి." బస్తా గుమ్మంలో దించి, మొదటిసారి గొంతు తగ్గించాడు. "పిల్లల్ని రప్పించండి. బకెట్లో తొక్కలు కూడా పడాలి కదండి." మళ్ళీ గొంతు పెంచి, "మొదటి కడుగు చిక్కగా ఉండాలండోయ్!" అంటూ మోపెడ్ ఎక్కాడు.

సతీష్‌కు వేరే పని దొరికేదాకా ఆ పేచీ సాగింది. "ఇవాళ పల్చగా కడిగేరేంటండి?" అని దెబ్బలాడటం మాత్రం మానలేదు. తరువాత వీరలక్ష్మి గమనిస్తే, ఆ పొట్టేలుకి నిలకడ తక్కువని తేలింది. ఓ ఏడు వేట లేక పడవ ఒడ్డున పెట్టిన లాజరు ఇంటి కుడితి మీద మనసుపడింది. ఇంకో ఏడు చెయ్యి విరిగి మంచమెక్కిన కొండలరావు ఇంటిది తప్ప తాగనంది.

నిరుడు వానల్లో కనకరాజు పోయాడు. ఈ వేసవి కాలవలు కట్టేశాక వీరలక్ష్మే బకెట్ మోసుకెళ్ళి వాళ్ళ దొడ్లో తొట్లో పోసింది. కలెక్టరు ముసలివాడయ్యాడు. తొట్టి దాకా వచ్చి, మూతి పెట్టకుండా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరో ఒకరు రుచి చూడాలమ్మా," అంది గంగాభవాని. "నా వల్ల కాదు. మొన్న చూసి కక్కుకున్నాను."

వీరలక్ష్మి అటూ ఇటూ చూసింది. వేలు ముంచి చప్పరించింది. "ఆయ్," అంది మెల్లగా. పొట్టేలు కదల్లేదు.

ఆమె గొంతు సవరించుకుని, వీధి చివర దాకా వినబడేలా అరిచింది.

"పాత బియ్యమేనండీ!"

కలెక్టరు తొట్లో మూతి ముంచాడు.